పెద్దమ్మ నెయ్యి, పాణి చుక్కలు

సారంగపాణికి చదువు తలకెక్కిందని మట్టెవాడలో అందరూ అనుకునేవాళ్ళు. తప్పేం లేదు, నిజంగానే ఎక్కింది. హనుమకొండలో ఓ కాలేజీలో కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటరు. చారులో ఉప్పు ఎక్కువైతే తిట్టకుండా, అది ఎన్ని పాళ్ళు ఎక్కువైందో చెప్పే రకం. ఆ మాటలు విని నవ్వగలిగింది అక్క అనసూయ ఒక్కతే. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆమే. పెళ్ళయిన మూడేళ్ళకే భర్త పోయి పుట్టింటికొచ్చిన మనిషి, తమ్ముడే లోకంగా బతికింది.

డెబ్భై ఎనిమిది వేసవిలో అనసూయ కడుపులో గడ్డ తేలింది. హైదరాబాదులో డాక్టర్లు చూసి, ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు.

"నొప్పి పురాగ పోకున్నా మంచిదే తమ్మీ," అంది అనసూయ బస్సులో తిరిగొస్తూ. "రెండు ముద్దలు తినేటట్టు, నీతోని నాలుగు మాటలు మాట్లాడేటట్టు ఉంటే చాలు. అంతకన్న ఏం అడగ."

ఆ రెండు ముద్దలూ తినిపించింది పెద్దమ్మ లక్ష్మీనర్సమ్మ. పెదనాన్నది మూలికల దుకాణం. ఆబ్కారీ వాళ్ళ పర్మిట్ మీద భంగాకు, అదే గంజాయి ఆకు, మందుల కోసం తెప్పించేవాడు. ఆయన పోయినా దుకాణమూ ఉంది, పర్మిటూ ఉంది, పెద్దమ్మ హస్తవాసీ ఉంది. ఆవిడ ఆ ఆకును గుడ్డలో మూటగట్టి, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగి పిండేది. ఆ తర్వాతే నేతిలో వేసి సన్నసెగ మీద కాచేది. చల్లారాక ముందు తను చిటికెడు నాకి చూసి, ఏ తేడా లేదని తేలాకే అనసూయకు పెట్టేది. పెట్టి, ఇక కదిలేది కాదు. మంచం పక్కన చాప పరుచుకుని, మందు ఎక్కి దిగి, పిల్ల ఆకలంటూ లేచేదాకా కూర్చునేది. లేచాక చారన్నం కలిపి పెట్టేది. మూడు వారాలు వాళ్ళిద్దరూ చుట్టాలందర్నీ పేరుపేరునా ఆడిపోసుకుంటూ హాయిగా గడిపారు. సాయంత్రం పాణి వచ్చేసరికి అక్క కళ్ళలో కొంచెం మత్తు, నోటినిండా మాటలు.

అక్కడితో ఆగితే ఎంత బాగుండేది! పాణి ఆగితేగా.

నెయ్యి ఒకరోజు బాగా పనిచేసేది, ఒకరోజు అంతంతమాత్రం. అలాంటి రోజు అక్క పళ్ళు బిగబట్టి గోడవైపు తిరిగి పడుకుంటే అతను చూడలేకపోయాడు. ప్రేమ లేక కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. పెద్దమ్మ దగ్గర ఆకు అడిగి, కాలేజీ ల్యాబులో మూడు భాగాలు చేశాడు. ఒకటి నీళ్ళలో మరిగించాడు, ఒకటి పెద్దమ్మ చేసినట్టే నేతిలో కాచాడు, ఒకటి స్పిరిట్‌లో నానబెట్టాడు. మూడింటినీ టెస్ట్‌ట్యూబుల్లో పోసి ఆకులోని మందు ఎంత దిగిందో రంగుతో తేల్చే రసాయనం కలిపాడు. నీళ్ళు అలాగే ఉన్నాయి. నేతిలో ఏదో కొద్దిగా వంకాయరంగు, ఉందా లేదా అన్నట్టు. స్పిరిట్ మాత్రం నేరేడు పండల్లే నల్లగా తిరిగింది. జిడ్డులో రంగు సరిగ్గా కలవదన్న సంగతి అతనికి తెలియనిది కాదు. తెలిసే పక్కన పెట్టాడు. గెలిచేది ఏదో ముందే అనుకున్నాడు మరి.

ఆ ఆదివారం, పక్కింటి యాకమ్మ కూడా ఉండగా, నోట్‌బుక్కు తెరిచి పెద్దమ్మ ముందు పెట్టాడు.

"పెద్దమ్మా, నీ నెయ్యిల మందే లేదు. ఉన్నదంత ఆకు కడిగి మోరీల పారబోస్తాన్నవ్."

"గదేందిరా? కడగకుంటే చేదు, కడుపుల తిప్పుతది."

"చేదే మందు! ఇన్నేండ్లు పెదనాన్న గూడ గట్లనే పారబోసిండు. ఉత్త నెయ్యి నాకించి పంపిండ్రు జనాన్ని."

పోయిన మనిషిని అనక్కర్లేదు. అనేశాడు. లక్ష్మీనర్సమ్మ నోట్‌బుక్కు వంక చూడలేదు, చాప చుట్టి గోడకు ఆనించింది.

"సరే బిడ్డా. నువ్వు చదువుకున్నోనివి," అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. మర్నాడు నేతి గిన్నె రాలేదు, ఆవిడా రాలేదు.

సోమవారం నుంచి, స్పిరిట్‌లో ఆకు నానబెట్టి తీసిన చుక్కల మందు మొదలైంది. పొద్దున్నే అక్క నోట్లో పది చుక్కలు పోసి, మంచినీళ్ళు తాగించి, తొమ్మిదిన్నర బస్సుకు పాణి హనుమకొండ పోయేవాడు. నొప్పి పోయింది. అందులో అబద్ధం లేదు, నూటికి నూరు పాళ్ళు పోయింది. కానీ సాయంత్రం వచ్చేసరికి అక్క దుప్పటి గుప్పిట్లో బిగించుకుని, చెమటలు కక్కుతూ, గోడల్నే చూస్తుండేది. అన్నం ముట్టేది కాదు, అతన్ని చూసి ఎవరన్నట్టు బెదిరేది.

మూడోరోజు పొద్దున కాస్త తేరుకుని ఉన్నప్పుడు అడిగింది. "తమ్మీ, పెద్దమ్మ నెయ్యి లేదా?"

"గా నెయ్యి ఎందుకక్కా? ఇది దానికన్న మస్తు మంచిది."

"అయితే ఇయ్యాల కాలేజీ బంద్ జెయ్యరాదూ? జర నా దగ్గర కూసో."

"ప్రాక్టికల్స్ ఉన్నయక్కా. ఏం ఫికర్ చెయ్యకు," అన్నాడు. అని చుక్కలు పోసి వెళ్ళాడు.

"మీ అక్క పగలంత నిన్నే పిలుస్తాంది సారూ," అని యాకమ్మ రెండుసార్లు చెప్పింది. జబ్బు కలవరింతలే అనుకున్నాడు. పది చుక్కల్ని ఎనిమిది చేశాడు, ఎనిమిదిని ఆరు చేశాడు, పెద్దమ్మ ఇంటికి మాత్రం నాలుగు అడుగులు వెయ్యలేకపోయాడు. పదకొండో రోజు మధ్యాహ్నం అనసూయ పోయింది. అప్పుడతను ల్యాబులో పిల్లలకు ఉప్పులు పరీక్ష చేయడం నేర్పుతున్నాడు.

కర్మకాండ అయ్యాక కాలేజీకి పోయి, అంతకుముందు చెయ్యని ఒక్క పని చేశాడు. ఆకును గుడ్డలో కట్టి కడిగి, ఆ నీళ్ళను టెస్ట్‌ట్యూబులో పోసి చూశాడు. రంగు రాలేదు. ఆనాడు మరిగించిన నీళ్ళూ అలాగే ఉన్నాయని, అదీ చూసీ చూడనట్టు వదిలేశానని అప్పుడు తట్టింది. నీళ్ళ వెంట పోయింది పసరూ చేదూనే, మందు ఆకులోనే ఉండిపోయింది. ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాలు ముందు దొరకలేదా అని తలుపు మూసుకుని ఏడ్చాడు.

చుక్కల సీసా చేత్తో పట్టుకుని పెద్దమ్మ ఇంటికి పోయాడు. ఆవిడ అరుగు మీద కరక్కాయలు దంచుతోంది.

"పెద్దమ్మా, నీళ్ళల్ల మందు లేదు. నాదే తప్పు."

లక్ష్మీనర్సమ్మ రోకలి ఆపింది. "నేను గూడ పంతానికి పోయిన బిడ్డా. మాట వడితే వడ్డ, రావాలె గద? పిల్ల ఏం జేసింది?" కొంగుతో మొహం తుడుచుకుని సీసా వంక చూసింది. "నువ్వు నాకి చూసినవా దీన్ని?"

లేదు. రంగు చూశాడు, బరువు చూశాడు, నాలుక మీద ఒక్క చుక్క వేసుకోలేదు. అక్కడే అరుగు మీద కూర్చుని పది చుక్కలు వేసుకున్నాడు. ఆవిడ వద్దనలేదు, లోపల్నుంచి చాప తెచ్చి పరిచింది.

కొంతసేపు ఏమీ లేదు. తర్వాత గుండె చెవుల్లో కొట్టుకోవడం మొదలుపెట్టింది. నాలుక ఎండి అంగిలికి అతుక్కుంది. గోడ ఒక్కొక్క అడుగే ముందుకు వస్తోంది. తన చేతులు ఎవరివో అనిపించాయి, చచ్చిపోతున్నాననే అనుకున్నాడు.

"పెద్దమ్మా, ఉన్నవా?"

"ఈడ్నే ఉన్న బిడ్డా."

మళ్ళీ అడిగాడు, మళ్ళీ అదే జవాబు. ఆ గొంతు వినపడ్డంతసేపు గోడ ఆగేది, వినపడకపోతే కదిలేది. ఆవిడ అతని మణికట్టు వదల్లేదు. పొద్దు వాలేవేళకు మందు దిగి, ఒళ్ళు చల్లబడి, ఆకలి తెలిసింది. పెద్దమ్మ లేచి చారన్నం కలుపుకొచ్చింది.

"ఎన్నిసార్లు పిలిచిన పెద్దమ్మా?"

"ఎవలు లెక్కవెట్టిండ్రు? పిలిచినప్పుడల్ల పలికిన."

మొదటి ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పదకొండు రోజులు, తొమ్మిదిన్నర బస్సు కదిలిన దగ్గర్నుంచి ఐదింటి బస్సు దిగేదాకా, అక్క కూడా ఇలాగే పిలిచి ఉంటుంది. ఆ ఇంట్లో పలకడానికి ఎవరూ లేరు.