తెల్లారి చూసిన గీత

నేను ఒక కాగితపు ముక్కను. చూపుడువేలంత పొడుగుంటాను, ఒంటి మీద తెల్లటి ప్లాస్టిక్ తొడుగు, నడుమ ఒక చిన్న కిటికీ, దాని పక్కన చుక్కలు వేయడానికి ఒక గుంట. మెడికల్ షాపులో ఆడవాళ్లు నన్ను పేరు పెట్టి అడగరు. "అది" అంటారు, షాపతను తల ఎత్తకుండానే తీసిస్తాడు. కడుపు నిలిచిందో లేదో చెప్పడం నా పని. నిలిచిన ఆడమనిషి ఒంట్లో ఒక హార్మోను పుడుతుంది, అది మూత్రంలో నాకు తగిలితే రెండు గీతలు చూపిస్తాను. తగలకపోతే ఒక్కటే. ఒక్కటి కూడా రాలేదంటే నేనే చెడిపోయానని అర్థం. లోకంలో నాకు తెలిసింది ఇంతే. ఇంత కొంచెం తెలిసినదాన్ని నమ్మి ఒక ఇల్లు ఎట్లా అల్లాడిందో చెప్పుకోవాలనే ఈ నాలుగు మాటలు.

ఫ్యాక్టరీలో తెల్ల టోపీలు పెట్టుకున్న ఆడపిల్లలు నన్ను కోసి, తేమ తగలకుండా వెండిరంగు సంచిలో పెట్టి మూతి అంటించారు. నాతోపాటు చుక్కలు వేసే చిన్న ప్లాస్టిక్ గొట్టం కూడా. ఆ సంచిని అట్టపెట్టెలో పెట్టి, పైన నాలుగు మడతల కాగితం ఒకటి దోపారు. ఆ కాగితమే నా నోరు. నన్ను ఎప్పుడు వాడాలో, ఎంతసేపట్లో చూడాలో అన్నీ దాని మీద తెలుగులో కూడా అచ్చేసి ఉన్నాయి. నా నోరు నా వెంటే ఉందన్న ధైర్యంతో ఆరు నెలలు షాపు అరలో హాయిగా ఉన్నాను.

ఆ ధైర్యాన్ని తీసేసిన మనిషి పేరు గంగజల. బీడీలు చుట్టే మనిషి. భర్త లారీ తోలుతూ పదిహేను రోజులకు ఒకసారి ఇంటికి వస్తాడు. గంగజలది చెడు తలుచుకునే ప్రాణం. లారీ పూట ఆలస్యమైతే బోల్తా పడిందంటుంది. కూతురు తుమ్మితే ఊపిరితిత్తుల్లో నీరు చేరిందంటుంది. ఆ ఒక్క కూతురు మనీషకు ఇరవై ఏళ్లు. కానిస్టేబుల్ ఉద్యోగానికి రాత పరీక్ష నెగ్గింది, ఇక పరుగు మిగిలింది. ఎనిమిది వందల మీటర్లు ఐదు నిమిషాల ఇరవై సెకన్లలో ఉరకాలి. అందుకని ఆర్నెల్లుగా పొద్దునా సాయంత్రమూ గ్రౌండుకు పోతోంది.

మొదటి నెల్లోనే తల్లీకూతుళ్లకు ఒక గొడవ అయింది. నెలసరి రోజుల్లో ఉరికితే గర్భసంచి జారుతుందని ఎవరో అనగా విన్న గంగజల, ఆ మూడు రోజులు కూతురి బూట్లు బియ్యం డ్రమ్ములో దాచింది. మరుసటి నెలా అంతే. ఆ తర్వాత రెండు నెలలు నెలసరి ముందే వచ్చిందో వెనక్కి జరిగిందో, బూట్లు దాచే పని ఒకసారి పడింది, ఒకసారి పడలేదు. ఇక ఈ రెండు నెలలుగా మనీష నాలుగో రోజు తలస్నానానికి వేడినీళ్లు పెట్టమని అడగడమే లేదు. గంగజల వేళ్లు ఆకు చుడుతూనే ఉండేవి, మనసు మాత్రం వారాలు లెక్కబెట్టేది. రెండు నెలలు. గ్రౌండులో మగపిల్లలు కూడా ఉంటారు. ఆమెకు ఇక అన్నం దిగలేదు.

తెలిసినవాళ్లు చూడకుండా రెండు బస్సులు మారి, పక్క పట్నంలో నేనున్న షాపుకు వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "డబ్బ వద్దన్నా, లోపటిదే ఇయ్యి" అంది.

"కాగితం చదువుకోవాలె కదమ్మా."

"నాకు కాదు, మా ఇంటిపక్కామెకు."

"మూడు చుక్కలు ఎయ్యమను. ఏసినంక ఐదు..." అని అతను ఇంకా చెబుతూనే ఉన్నాడు. ఆమె మెట్లు దిగింది. అమ్మా, కాగితం, అని వెనక నుంచి పిలిచాడు. ఆ పిలుపు తనను కాదన్నట్టు నడిచింది. సిగ్గు మనిషి చెవులు మూస్తుందని నాకు ఆ రోజే తెలిసింది. నా నోరు ఆ గాజు బల్ల మీద ఉండిపోయింది, నేను ఆమె రవికలో మూగదాన్నై ఊరు చేరాను.

కూతురిని నేరుగా అడిగే ధైర్యం గంగజలకు లేదు. అడిగితే అవునంటుందేమోనని భయం. మంగళవారం సాయంత్రం మనీష గ్రౌండు నుంచి వచ్చి రెండు చెంబుల నీళ్లు గటగటా తాగి కూర్చుంది. తల్లి దగ్గరకు పోయి కూతురి కనురెప్ప కిందికి లాగి చూసింది.

"నీ కండ్లు పచ్చగైనయి బిడ్డా. కామెర్లో ఏమో. ఆశమ్మ పరీక్ష చేస్తదట, జరంత మూత్రం పట్టియ్యి."

మనీష అద్దంలో చూసుకుంది. పచ్చదనం ఏమీ లేదు. కానీ తల్లి భయాల మధ్యనే పెరిగిన పిల్ల, ఆమె మనసు నిమ్మళమైతే చాలనుకుంది. దగ్గుమందు సీసా మూతలో పట్టి తెచ్చి, "ఇగో, నీ కామెర్లు. ఇగనన్న బువ్వ తిను" అని నవ్వుతూ చేతికిచ్చింది. నమ్మి ఇచ్చినది కాబట్టి అంచుదాకా నింపి ఇచ్చింది.

గంగజల పొయ్యి వెనక కూర్చుని నా సంచి చించింది. మూడు చుక్కలు సరిగ్గానే వేసింది. నీళ్లు తాగీ తాగీ పలచబడిన సాయంత్రపు మూత్రం అది. నిజంగా ఏదైనా ఉన్నా అందులో నేను పసిగట్టలేకపోయేదాన్నేమో. అయినా నా పని నేను చేశాను. ఐదు నిమిషాలు కాకముందే ఒకే ఒక్క గీత, ఎర్రగా, సూటిగా చూపించాను. ఏమీ లేదు తల్లీ అని నాకు చేతనైనంత గట్టిగా చెప్పాను.

చూసేవాళ్లు లేరు. రెండో నిమిషంలోనే మనీష పొయ్యి దగ్గరకు రావడంతో, తల్లి నన్ను తంబాకు డబ్బా వెనకకు తోసేసింది. ఆ తర్వాత బీడీల చాట ఒళ్లోకి తీసుకుని, చూడాలంటే భయపడి, చూడకుండానే పడుకుంది. నేను ఆ మూలన ఆరిపోతూ వచ్చాను. ఆరిపోతే నాలాంటివాటిలో కొన్నిటికి రెండో గీత ఉండే చోట బూడిదరంగు మరక ఒకటి తేలుతుంది. అది హార్మోను కాదు, ఎండిన తడి. నా ఒళ్లే నా మీద చాడీ చెప్పినట్టు.

బుధవారం పొద్దున, కూతురు గ్రౌండుకు వెళ్లాక, గంగజల నన్ను బయటకు తీసి వెలుతురులో చూసింది. అక్కడే కూలబడింది.

కూతురు వచ్చేదాకా ఆగితే బాగుండేది. ఆగలేదు. మనీష ఫైలులోంచి శుక్రవారం పరుగుకు రమ్మన్న హాల్‌టికెట్ తీసి బియ్యం డ్రమ్ములో అడుగుకు దోపింది. ఆ వెంటనే పక్క మండలంలో ఉన్న అక్కకు ఫోన్ చేసి ఏడ్చింది. రెండు గీతలొచ్చినయక్కా, పిల్లను కొన్నాళ్లు నీ దగ్గర దాచిపెట్టు, ఆయనకు తెలిస్తే నరుకుతడు. చెమటతో గుమ్మం దగ్గరకు వచ్చిన మనీష ఆ మాటలన్నీ విన్నది.

లోపలికి వచ్చి, తల్లి చేతిలో ఉన్న నన్ను తీసుకుని అటూ ఇటూ తిప్పింది. అది ఏమిటో ఆ పిల్లకు తెలుసు.

"కామెర్ల పరీక్ష అన్నవు కదనే."

గంగజల గబుక్కున ఫోను పెట్టేసింది.

"నువ్వు బువ్వ తింటలేవని పట్టిచ్చిన. పెద్దమ్మకు చెప్పినవు గని నన్నొక్క మాట అడగలేదు."

"అడిగితే చెప్తవా? రెండు నెలలు దాచిపెట్టినవు."

"దాచిపెట్టిన. రెండు నెలలు నాకు సక్కగనే వచ్చినయి. చెప్తే బూట్లు దాస్తవని చెప్పలే."

తల్లి తల ఎత్తింది. "అప్పుడు అబద్ధమాడిన అంటున్నవు. ఇప్పుడు చెప్పేది నిజమని నేనెట్ల నమ్మాలె?"

ఆ మాట ఇంకెవరన్నా మనీష జవాబు చెప్పేదే. తల్లి అనేసరికి నన్ను బల్ల మీద పెట్టి బయటకు నడిచింది. అరగంటకు ఆశ కార్యకర్త సుగుణను వెంటబెట్టుకుని వచ్చింది.

సుగుణ నన్ను చూడకముందే రెండు ప్రశ్నలు అడిగింది. ఎప్పుడు వేసినవు, ఎప్పుడు చూసినవు. దీపాలు పెట్టే యాళ్లకు వేసిన, ఇయ్యాల పొద్దుగాల చూసిన అంది గంగజల. సుగుణ నుదురు కొట్టుకుంది.

"ఇది గీత కాదు వదినె, మరక. నెల తప్పినంక ఒక వారమాగి చెయ్యాలె. పొద్దుగాల లేవంగనే, నీళ్లు తాగకముందు వచ్చేది పట్టాలె. మూడు చుక్కలేసి గడియారం ముంగట పెట్టుకోవాలె. ఐదు నిమిషాలంటే ఐదు నిమిషాలే, కాగితం మీద రాసిన టైము దాటినంక చూస్తే అది లెక్కల లేదు. ఒక్కటే గీత వచ్చి, అయినా నెల రాకుంటే నాలుగైదు దినాలకు మళ్ల చెయ్యాలె. అప్పటికీ అనుమానముంటే దవాఖానల రక్తపరీక్ష ఉంటది." కాస్త ఆగి అంది. "అన్నిటికన్న ముందుగాల, ఎవరిదో వాళ్లకు చెప్పి చెయ్యాలె."

అని తన సంచిలోంచి నా చెల్లెలు ఒకదాన్ని తీసి మనీషకు చాచింది. రేపు పొద్దున చేసుకుంటే మీ అమ్మ భయం తీరుతుందని నచ్చజెప్పింది. మనీష చెయ్యి చాపలేదు.

"ఒక్కసారిచ్చిన. ఇంకొక్క చుక్క ఇయ్య."

బలవంతం చెయ్యడానికి వీల్లేదని సుగుణకు తెలుసు. కాసేపు ఆలోచించి, ఆ పరీక్షముక్కను గంగజల చేతిలో పెట్టింది. "అయితే నువ్వే పో."

"నేనా? నాకు ఆపరేషనై పద్దెనిమిదేండ్లాయె. సిగ్గులేదా సుగుణా."

"నీ బిడ్డకు చేసేటప్పుడు లేని సిగ్గు ఇప్పుడేంది, పో."

గంగజల పోయి వచ్చింది. సుగుణ గడియారం చూపిస్తూ ఐదు నిమిషాలు కూర్చోబెట్టింది. ఒక్క గీత వచ్చింది. దాన్ని పారేయకుండా నా పక్కనే బల్ల మీద పెట్టి, రేపు పొద్దున చూడు, వీటిల కొన్నిటికి వస్తది, కొన్నిటికి రాదు అని చెప్పి వెళ్లిపోయింది. ఆ రోజంతా నేనూ నా చెల్లెలూ పక్కపక్కన ఆరుతూ ఉన్నాం.

గురువారం పొద్దున గంగజల వచ్చి చూసేసరికి నా చెల్లెలి కిటికీలోనూ అదే బూడిదరంగు మరక, నాకున్న చోటే. ఆపరేషనైన నలభై మూడేళ్ల మనిషికి కూడా రెండు గీతలు. ఆమె ఒకసారి నవ్వబోయి, నవ్వు మధ్యలోనే ఆగిపోయి, కొంగులో ముఖం దాచుకుంది. తర్వాత డ్రమ్ములో మోచేతిదాకా చెయ్యిపెట్టి హాల్‌టికెట్ తీసింది. దానికి అంటిన తవుడు దులిపి, ఇస్త్రీ చేసినట్టు అరచేత్తో రాసి, కూతురి ఫైలు మీద పెట్టింది. తప్పైంది బిడ్డా అంది. మనీష బూట్లు తుడుచుకుంటూనే ఉంది. అక్కకు ఫోన్ చేసి అది ఉత్తదే అని చెప్పింది గంగజల. అటువైపు అక్క, నువ్వు కప్పిపుచ్చుతున్నవు అందట. అంటుంది మరి. మొదటి ఫోనుకున్న కాళ్లు రెండో ఫోనుకు ఉండవు.

శుక్రవారం తెల్లవారుజామున మనీష ఫైలు సర్దుకుంటూ నా చెల్లెలిని చెత్తలో వేసింది. నన్ను మాత్రం ఒక కవరులో చుట్టి, పదో తరగతి మెమోకూ కుల సర్టిఫికెట్‌కూ నడుమ పెట్టుకుంది. ఎందుకో నేను అడగలేదు, నాకు నోరెక్కడిది.

గుమ్మం దగ్గర గంగజల టిఫిను డబ్బా పట్టుకుని నిలబడింది. రాగి లడ్డూలు చేసింది. అప్పుడే ఆమె కళ్లు కూతురి సంచి మీద పడ్డాయి. జిప్పు సగం తెరిచి ఉంది, లోపల ప్యాడ్ల పొట్లం అప్పుడే చింపి ఉంది. నెలసరి ఆ రోజే వచ్చింది. ఉరకొద్దన్న మాట ఆమె నోటిదాకా వచ్చింది. పెదవి కొరికి ఆపుకుంది. "వేడినీళ్లు పెట్టి ఉంచుతా" అని మాత్రం అంది.

మనీష జిప్పు వేసుకుంది. నీళ్ల సీసా తీసుకుంది. డబ్బా అందుకోలేదు.

ఆ పొద్దున ఆమె ఐదు నిమిషాల రెండు సెకన్లలో ఉరికింది. ఫైలులో ఉన్నాను కాబట్టి చూడలేదు గానీ ఈల వినబడింది, ఎవరో సమయం చదివి పేరు రాసుకోవడం వినబడింది. నాకూ ఐదు నిమిషాలే ఇచ్చారు. ఆమెను చూడటానికి గడియారం పట్టుకుని ఒక మనిషి ఉన్నాడు, తేడా అంతే.

ఇప్పుడు మనీష ట్రైనింగులో ఉంది, నేను ఆమె ట్రంకు పెట్టెలో ఆ ఫైలులోనే ఉన్నాను. సర్టిఫికెట్ కోసం ఫైలు తెరిచినప్పుడు ఆమె వేలు నా దగ్గర ఒక్క క్షణం ఆగుతుంది. ప్రతి నెలా తల్లి ఫోన్ చేస్తుంది. తిన్నవా, పన్నవా అని అన్నీ అడిగి, చివర్న గొంతు తగ్గించి, తలస్నానం చేసినవా బిడ్డా అంటుంది.

"చేసిన" అంటుంది మనీష.

అన్ని నెలలూ అదే మాట, అదే గొంతు. అటువైపు గంగజల ఇంకేమీ అడగకుండా ఫోను పట్టుకుని ఉంటుంది, పెట్టేయదు. ఆ మాట నిజమో కాదో ఆమెకు తెలియదు. ట్రంకు పెట్టెలో ఉన్న నాకూ తెలియదు.