తిండి అయినాక మాత్ర

ఎదుటివారి మాటలో తప్పు దొర్లితే మంగళ టీచరు ఊరుకునేవారు కాదు. కన్నడ సీమలోని రాబర్ట్‌సన్‌పేట బజారులో బోర్డు మీద అక్షరం తప్పు పడితే, కొట్టు యజమానిని బయటికి పిలిచి మరీ చూపించేవారు. వాళ్లింట్లో పాలు పోసే మునిలక్ష్మి ఒక్కతే ఆ దిద్దుబాట్లకు నవ్వేది. "ఇంగో తప్పు దొరికిందా టీచరమ్మా? ఇయ్యాల మీకు ముద్ద బాగా అరుగుతాది!"

మునిలక్ష్మి భర్త తిమ్మరాయప్ప పోయాక ఆ నవ్వు తగ్గింది. షుగరు జబ్బు అతణ్ణి తీసుకుపోయిందన్నారు. ఇప్పుడు ఆమెకూ అదే జబ్బు బయటపడింది.

ఆ మధ్యాహ్నం మంగళ పెట్టిన రాగి ముద్ద తిని, మునిలక్ష్మి కొంగుముడి విప్పి మాత్ర తీసింది. వేళ్లు వణుకుతున్నాయి.

"పొద్దున వేసుకోలేదా?"

"వేసుకున్నా. ఇది మధ్యాన్నానిది. రేత్రికి ఇంగోటి ఉండాది."

"మూడు పూటలా అని ఎవరు చెప్పారు?"

"మందులిచ్చే కేశవప్ప. 'తిండి ఆద్మేలె' అన్నాడు. తిండి అయినాక అనే కదా? మళ్లీ అడిగితే, తిండంటే తెలీదా అని అందరి ముందరా నవ్వినాడు. ఇంగ యాడ అడిగేది?"

మంగళకు అర్థమైంది. మునిలక్ష్మి సరిహద్దులోని నంగలి దాటి, ఆంధ్ర వైపు పుట్టిన మనిషి. ఆమె తెలుగులో ఏ పూట తిన్నా తిండే. కేశవ కన్నడంలో తిండి అంటే పొద్దుటి ఫలహారం. వేసుకోవలసింది రోజుకు ఒక్క మాత్ర.

చివరి రోజుల్లో తిమ్మరాయప్పకు చెమటలు పట్టేవి, కాళ్లు వణికేవి. మూడేసి మాత్రలతో షుగరు పడిపోతుంటే, పెరిగిందనుకుని మునిలక్ష్మి అతని కాఫీలో చక్కెర కూడా మాన్పించింది.

దిద్దకపోతే ఈమె దక్కదు. దిద్దితే, మొగుణ్ణి తన చేత్తోనే చంపుకున్నానని బతికినన్నాళ్లూ కుములుతుంది.

"నీకు పొద్దున ఒక్కటి చాలు," అన్నారు మంగళ, మెల్లగా.

"ఆయనకి మూడు పూట్లా ఇచ్చినా కదమ్మా? మాత్ర అదే మాదిరి ఉండాదే!"

"రంగు ఒకటే. మందు వేరు."

ఒక తప్పు దిద్దడానికి ఆమె అబద్ధమాడటం అదే మొదలు.

"అట్లనా. ఆయనకి మాత్రం ఒక పూటా తప్పించలేదమ్మా. నా కూడు మరిచినా, ఆయన మాత్ర మరవలా."

"తెలుసు మునిలక్ష్మీ."

మర్నాడు మంగళ క్లినిక్కుకు వెళ్లారు. మందుల కిటికీ వెనక కేశవ తేలిగ్గా నవ్వాడు. "తిండి అంటే టిఫిన్ కదా టీచర్! అది కూడా తెలీదంటే ఎట్లా?"

"తెలుగువాళ్లకు తిండి అంటే మూడు పూటల కూడు. తెలియక అడిగిన మనిషిది తప్పు కాదు. నవ్వి నోరు మూయించినవాడిది."

కేశవ ముఖం పాలిపోయింది. "ఎవరికన్నా ఏమన్నా అయిందా టీచర్?"

తిమ్మరాయప్ప పేరు పెదవుల దాకా వచ్చింది. న్యాయానికి ఆ పేరు ఇతని చెవిన పడాలి. కానీ నెలనెలా మునిలక్ష్మి వచ్చి నిలబడేది ఈ కిటికీ ముందే. ఇతని ముఖం చూసి అంతా పోల్చుకుంటుంది.

"కాకుండా చూడు. ఇకనుంచి పొద్దుటి మాత్రల కవరు మీద సూర్యుడి బొమ్మ గీసివ్వు. అందరికీ."

పై నెల మునిలక్ష్మి ఆ కవరు తెచ్చి చూపించింది. "ఇదేందమ్మా?"

"పొద్దున వేసుకోమని గుర్తు."

"మా పక్కింటి సొన్నప్పకీ గీసినాడు. ఆయనదీ మా ఇంటాయనదీ ఒకటే మాత్ర అంట. నాదీ అదేనంట. కేశవప్పే చెప్పినాడు."

మునిలక్ష్మి బొటనవేలితో సూర్యుణ్ణి రుద్దుతూ కూర్చుంది. సిరా అలుక్కుపోయింది.

"మీరు తప్పు చెప్పినారు టీచరమ్మా," అంది చివరికి. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు, కోపం లేదు. నిద్రలో ఉలిక్కిపడిన బిడ్డకు చెప్పినట్టు చెప్పింది. "రంగూ ఒకటే. మందూ ఒకటే."

తర్వాత లేచి, ఎప్పటిలాగే పాలు కొలిచి పోసింది.