కొబ్బరినూనెకు పట్టిన పన్నెండు నిమిషాలు

గుంటూరు శివారులోని ఆ మిరపకాయల గోడౌనులో పన్నెండుమంది ఆడవాళ్లు కాయలకు తొడిమలు తీస్తారు. ఎవరి పనెంతో వారంపాటు ఆఫీసు ఫోనులో నిమిషాల లెక్కన కొలిచి, అందరికన్నా అడుగున ఉన్న ఒక్క పేరు చెప్పమని యజమాని బుల్లయ్య మంగళగిరి ఆఫీసు నుంచి కరుణాకర్‌ని పిలిపించాడు. ఆ పేరుగలామెకు సోమవారం నుంచి పని ఉండదు.

పని తెలియాలంటే చేసి చూడాలని చదువుకున్నవాడు కరుణాకర్. బుధవారం తనూ పీట వేసుకుని కూర్చున్నాడు. అరగంటకల్లా వేళ్లు భగ్గుమన్నాయి. ఆ చేత్తోనే కన్ను నలుపుకున్నాడు.

“ఓయమ్మో, ఆఫీసు బాబుకి మన కారం తెలిసొచ్చిందే!” అని కోటిరత్నం పకపకా నవ్వి, ఆ నవ్వుతోనే గేటు దగ్గరున్న తన క్యారేజీలోంచి మజ్జిగ తేవడానికి పరిగెత్తింది. అరవై దాటిన అంకమ్మ బుట్ట పక్కకు నెట్టి, సంచిలోంచి కొబ్బరినూనె సీసా తీసింది. అతని కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని ఒక్కో వేలికీ రాసింది.

“నీళ్లు పొయ్యమాక నాయనా, ఇంకా మండుద్ది. ఈ పూటకి మీ ఆవిణ్ణి అన్నం తినిపించమను.”

శనివారం సాయంత్రం ఆ ఫోనులో వారం లెక్కల పట్టిక తెరిచాడు. అడుగు వరస ఎర్రగా ఉంది. అంకమ్మ. బుధవారం, పన్నెండు నిమిషాలు, ‘పని ఆపింది’.

ఆ రోజు మంటలో కూడా, అలవాటుకొద్దీ ఎడమచేత్తో ఆ లెక్క తనే ఫోనులో నొక్కాడు.

గబగబా ఆ నిమిషాలు కొట్టేసి దిద్దాడు. ఎరుపు కోటిరత్నం మీదికి జరిగింది. ఏడు నిమిషాలు, ‘చోటు వదిలింది’. అదీ దిద్దాడు. ఎరుపు రాజేశ్వరి మీదికి జరిగింది. ఆమె పోగొట్టుకున్న నిమిషాలకోసం వారమంతా వెతికాడు. ఒక్కటీ లేదు. ఆమె తలే ఎత్తలేదు. వేళ్ల కణుపులు వాచి చెయ్యి నెమ్మది, అంతే.

బుల్లయ్యకు ఫోన్ చేశాడు. “అడుగున ఎవరూ లేరని రాయొచ్చాండీ?”

“పన్నెండుమంది ఉన్నాక అడుగున ఒకరుండరా సార్? మీరు మరీను! ఆరింటికల్లా పంపండి, మేస్త్రి వెళ్లిపోతాడు.”

అయిదు నిమిషాలు తక్కువ ఆరుకు పంపాడు, ఎరుపు ఎక్కడుందో అక్కడే వదిలేసి.

సోమవారం కాగితాల మీద సంతకాలకు వెళ్లాడు. రాజేశ్వరి పీట గోడకు ఆనించి ఉంది. ఆమె కూర్చునే చోటులోకి ఎవరూ జరగలేదు. లెక్కల ఫోను ఇప్పుడు మేస్త్రి చేతిలో ఉంది.

“చెయ్యి తగ్గిందా నాయనా?” అంది అంకమ్మ.

“తగ్గిందండీ.”

ఇదివరకైతే మాట్లాడేటప్పుడు చేతులాపి మొహంలోకి చూసేది. ఇప్పుడు తొడిమలు రాలుతూనే ఉన్నాయి. ఆమె తలెత్తలేదు.