చేతులు మారిన చేనుగట్టు

మహిమ హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతుంది. గుంటూరు పక్కన నల్లపాడు దాటాక, రోడ్డుకి రెండు పక్కలా మిరప చేలూ పత్తి చేలూ ఉన్న ఊళ్లో ఉంది ఆ బడి. కరోనా రోజుల్లో బడి మూసినప్పుడు, పిల్లలకి పనికొస్తాయని తనకి నచ్చిన వెబ్‌సైట్ల చిరునామాలు ఒక పేజీలో రాసిపెట్టడం మొదలుపెట్టింది. ఆ పేజీకి పేరేం పెట్టాలో తోచక ‘మహిమ టీచర్ లింకులు’ అని పెట్టింది. వంటింటి చెత్తని ఎరువు చేసుకోవడం, పాడైన మిక్సీని విప్పి చూసుకోవడం, పిట్టల కూతలు గుర్తుపట్టడం, చిన్న సర్క్యూట్ బోర్డుతో వానని కొలిచే పరికరం తయారుచేసుకోవడం, ఇలాంటివన్నీ అందులో ఉండేవి. ఆ వాన పరికరాన్ని ఆమె స్వయంగా చేసి బడి డాబా మీద పెట్టింది కూడా. దాని ప్రోగ్రాం ఎవరో ఊరూ పేరూ తెలియని మనిషి రాసి ఊరికే అందరికీ ఇచ్చేశాడు. అలా ఊరికే ఇచ్చేవాళ్లు లోకంలో ఇంతమంది ఉన్నారని ఆమెకి ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉండేది.

ఆ జాబితాలో మొదటి పేరు ‘చేనుగట్టు’. తెలుగులో ఉన్న సైటు. వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైన బుడాన్ అనే ఆయన ఒక్కడే పదకొండేళ్లుగా రాస్తున్నాడు. ఆయన రాత ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టుండేది. ‘వేపగింజలు ఐదు కేజీలు దంచండి. మెత్తటి పొడి కాకూడదు, రవ్వలా ఉండాలి. నేనోసారి ద్రావణం చిక్కగా కలిపి ఆకంతా మాడ్చుకున్నాను. మీరు ఆ తప్పు చెయ్యొద్దు.’ ప్రతి పేజీ అడుగునా ఒకే వాక్యం ఉండేది. ‘ఇక్కడున్నది ఏదైనా, ఎవరైనా తీసుకోవచ్చు. నన్ను అడగక్కర్లేదు.’

బడి ప్రహరీకి ఆనుకుని రెండెకరాలు కౌలుకి చేస్తున్న కోటిరత్నం తాగే నీళ్లకి బడి కుళాయి దగ్గరికి వచ్చేది. ఒకరోజు మహిమ ఆమెకి ఫోన్లో చేనుగట్టు తెరిచి చూపించింది. ఏడో తరగతి చదివిన కోటిరత్నం వేలుపెట్టి ఒక్కో మాటా చదువుకుంది. ఆ ఏడాది మిరప చేలో పురుగులు అంటుకునే నీలిరంగు జిగురు అట్టలు కట్టింది. వేపగింజలు దంచింది. భర్త యలమంద “ఫోను సేద్యం మొదలైందిరా మా ఇంట్లో” అని నలుగురిలో నవ్వాడుగానీ, రెండేళ్లలో మందుల కొట్టు ముఖం చూడటం తగ్గేసరికి ఆ నవ్వు తగ్గించాడు.

ఈ ఏడాది నవంబరు చివర్లో, పొద్దున బడి గంటకి ముందే, కోటిరత్నం ఒక మిరప కొమ్మా ఖాళీ డబ్బా పట్టుకుని స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడింది.

“టీచరుగారూ, చేనుగట్టులో మందు తెప్పించి మొన్న కొట్టామండి. చెట్టు ఎట్టా అయిపోయిందో ఒకసారి చూస్తారా?”

కొమ్మ ఆకులు పడవల్లా పైకి ముడుచుకుపోయి ఉన్నాయి. అంచులు ఇటికరంగుకి తిరిగాయి. పువ్వు ఒక్కటీ లేదు.

“చేనుగట్టులో మందేంటి కోటిరత్నం? ఆయన మందులు అమ్మడుగా.”

“అమ్ముతున్నారండి. ఇదుగో. బుడాన్ గారి ఫొటో కూడా ఉంది.”

మహిమ ఆ సైటు తెరిచి నాలుగు నెలలైంది. జాబితాలో చాలా లింకులు అంతే. నమ్మకం కుదిరాక మళ్లీ చూసుకోవాలని తోచదు. ఇప్పుడు తెరిచింది. అదే ఆకుపచ్చ అంచు, మిరప చెట్టు మీదికి వంగి చూస్తున్న బుడాన్ గారి అదే బొమ్మ. దాని కింద ఎర్రటి అక్షరాలు వెలిగి ఆరుతున్నాయి. ‘నల్ల తామరపురుగుకి ఒకటే మందు. మూడు రోజుల్లో మాయం.’ వేపగింజల పాఠం అలాగే ఉంది. చివర మాత్రం ‘ఇంత కష్టం ఎందుకు? ఇక్కడ నొక్కండి’ అని కొత్తగా చేరింది.

“పురుగు పూతలో గుంపులుగా దిగిందండి ఈసారి,” కోటిరత్నం చెబుతోంది. “వేపనూనె రెండుసార్లు కొట్టినా ఆగలా. ఆయన చెప్పాడంటే ఖాయమే అనుకున్నా. మీ పేజీలో నుంచే వెళ్లా.”

ఆ చివరి మాట తప్పు పట్టడానికి అన్నది కాదు. జరిగింది జరిగినట్టు చెప్పింది అంతే.

మహిమ మొదటి పీరియడ్ వేరే టీచరుకి అప్పగించి ఆమెతో చేలోకి వెళ్లింది. రెండెకరాలూ ఒకే తీరున ఉన్నాయి. నడుము ఎత్తు చెట్లు, బతికే ఉన్నాయిగానీ ఎవరో పిండి వదిలేసినట్టున్నాయి. సాళ్ల మధ్య రాలిన పూత తెల్లగా పరుచుకుని ఉంది. యలమంద గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఎప్పుడూ నాలుగు చేల అవతలికి వినపడేలా మాట్లాడే మనిషి, మెల్లగా లేచి నిలబడి “రండి టీచరుగారూ” అన్నాడు. మహిమ తప్పంతా తనదేనని చెప్పబోయింది.

“మీరేం చేస్తారండీ,” అన్నాడు. “మీకు మాత్రం ఏం తెలుసు.”

తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకి.

ఆ సాయంత్రమే తన జాబితాలోంచి చేనుగట్టుని తీసేసింది. మండల వ్యవసాయాధికారి దగ్గరికి వెళితే ఆయన ఓపిగ్గా డబ్బా తిప్పి తిప్పి చూశాడు. తయారుచేసిన వాళ్ల పేరు లేదు. ఊరు లేదు. బిల్లు లేదు. “అడుగున మిగిలిన చుక్కలు పరీక్షకి పంపిస్తానమ్మా. అందులో ఏముందో తెలుస్తుంది. ఎవరు కలిపారో తెలియాలిగా,” అన్నాడు.

డబ్బా మీదున్న నంబరు మోగడం లేదు. ఆ సైటుకి ఇంటర్నెట్లో చోటిచ్చే విదేశీ కంపెనీకి మహిమ ఇంగ్లీషులో ఫిర్యాదు రాసింది. ముడుచుకున్న ఆకుల ఫొటోలు జతచేసింది. ఐదు రోజులకి జవాబొచ్చింది. ఏటా కట్టాల్సిన డబ్బు కట్టకపోవడంతో ఆ సైటు పేరు గడువు తీరిపోయిందనీ, గడువు తీరిన పేరుని ఇంకొకరు నియమప్రకారమే కొనుక్కున్నారనీ రాశారు. ఇక అందులోని వ్యాసాల సంగతి. వాటిని ఎవరైనా తీసుకోవచ్చని రాసిన మనిషే ప్రతి పేజీ కింద అనుమతి ఇచ్చాడు కాబట్టి దొంగతనం కిందికి రాదట. మందు గురించిన అభ్యంతరం అమ్మినవాళ్లకే చెప్పుకోవాలట. చివర్లో, ఈ జవాబుతో మీరు తృప్తి చెందారా అని ఐదు నక్షత్రాలు ఇచ్చారు, నొక్కడానికి.

పాత వెబ్ పేజీలని దాచిపెట్టే ఒక సైటు ఉంది. దాన్ని కూడా ఆమె తన జాబితాలో పెట్టుకుంది. అందులో వెతికితే ఐదేళ్ల కిందటి చేనుగట్టు కొన్ని పేజీలు దొరికాయి. ఒకచోట బుడాన్ గారు తన ఊరు చీరాల అనీ, ఉండేది పేరాలలో అనీ రాసుకున్నారు. ఆదివారం ఉదయం చర్చిలో ఆరాధన మానుకుని మహిమ గుంటూరులో రైలెక్కి తెనాలిలో మారి చీరాల వెళ్లింది.

మగ్గాల చప్పుడు వినపడే సందులో ఆ ఇల్లు. తలుపు తీసిన ఆమె బుడాన్ గారి కూతురు అర్ఫా. మహిమ వచ్చిన పని గుమ్మంలోనే చెప్పింది. అర్ఫా తల పట్టుకుంది.

“నాన్నకి పోయిన సంక్రాంతి ముందు పక్షవాతం వచ్చిందండి. కుడి పక్క పడిపోయింది. ఆ సైటు పాస్‌వర్డులన్నీ ఆయన తలలోనే ఉండేవి. ఎన్నిసార్లు అడిగినా ఏవో విత్తనాల పేర్లు చెబుతారు. అన్నీ కొట్టి చూశా, ఒక్కటీ తెరుచుకోలా. గడువు ఉంటుందని కూడా నాకు తెలియదు.”

లోపల కిటికీ పక్కన కుర్చీలో ఆయన కూర్చుని ఉన్నాడు. ఫొటోలో కన్నా బాగా చిక్కిపోయాడు. కుడిచెయ్యి ఒళ్లో, తనది కానట్టు పడి ఉంది. మహిమ నమస్కారం పెట్టి, ఏదైనా గుర్తొస్తుందేమోనని ఫోన్లో ఆ పేజీ తెరిచి ముందు పెట్టింది. ఆయన తన బొమ్మ వైపు చూశాడు. ఆకుపచ్చ అంచు వైపు చూశాడు. మొహంలో ఒక పక్క నవ్వింది.

“నడు... నడుస్తోందా?”

అర్ఫా మహిమ వైపు చూసింది.

“నడుస్తోందండీ,” అంది మహిమ.

“ఎవరు... చూసుకుంటున్నారు?”

చెప్పాలనే వచ్చింది. రైల్లో వరసగా మాటలు కూర్చుకుంది కూడా. కానీ ఆయన ఎడంచేతి వేలు తెర మీద వేపగింజల పాఠం దగ్గర ఆగి, ఒక్కో వాక్యాన్నీ తడుముతోంది. ఎర్ర అక్షరాల దాకా ఇంకా వెళ్లలేదు. మహిమ ఫోను మెల్లగా వెనక్కి తీసుకుంది.

“ఎవరో చూసుకుంటున్నారండీ.”

“మంచి... వాళ్లు,” అన్నాడాయన. “అడగక్కర్లేదని... నేనే రాశా.”

ఆయన కళ్లు తుడవడానికి అర్ఫా కొంగు అందుకుంది. మహిమ సెలవు తీసుకుని బయటికి నడిచింది.

గుమ్మం బయట అర్ఫా అడిగింది. “పోలీసులకి చెప్పమంటారా? చెబితే పేరు వెనక్కి ఇప్పిస్తారా?”

“పేరు వాళ్లు కొనుక్కున్నారమ్మా. మందు సంగతి మాత్రం నేను రాసి ఇస్తాను.”

“మా నాన్న బొమ్మయినా తీసేస్తే బాగుండునండి,” అంది అర్ఫా.

మహిమ పోలీసులకి రాసి ఇచ్చింది. రసీదు ఇచ్చారు. దొరికిన పాత పేజీలు అరవై ఒకటి విడిగా దాచి, అర్ఫా అనుమతి తీసుకుని, తన పేజీలో పెట్టింది. సగం వాటికి బొమ్మలు లేవు, బొమ్మ ఉండాల్సిన చోట ఖాళీ గడి ఉంది. అన్నిటికన్నా పైన, ‘చేనుగట్టు పేరుతో మందు అమ్ముతున్నవాళ్లు బుడాన్ గారు కాదు, కొనకండి’ అని పెద్ద అక్షరాలతో రాసింది. కానీ వెతికేవాళ్లకి ముందు కనిపించేది ఆ పాత పేరే. పదకొండేళ్లు బుడాన్ గారు సంపాదించిన మంచిపేరు దాన్ని అన్నిటికన్నా పైన నిలబెట్టింది.

డిసెంబరు రెండో వారంలో కోటిరత్నం, యలమంద మిరప చెట్లు పీకేశారు. మహిమ వెళ్లేసరికి గట్టు మీద కుప్పలు పడి ఉన్నాయి. అట్టలు కట్టిన కర్రలు కూడా పీకి ఒక మూలన పడేశారు.

“జొన్న వేస్తామండి,” అంది కోటిరత్నం. “కౌలుకి సరిపోతే చాలు.”

“బుడాన్ గారి పాత పాఠాలు దొరికాయి కోటిరత్నం. జొన్న మీద కూడా ఒకటి ఉంది. నేను సరిచూశాను, నిజంగా ఆయన రాసిందే. పంపించనా?”

కోటిరత్నం వంగి ఇంకో చెట్టు మొదలు పట్టుకుని లాగింది. వేళ్లతోబాటు నల్లమట్టి పెళ్లగా లేచొచ్చింది. దాన్ని దులిపింది.

“వద్దులెండి,” అంది. కోపం లేదు ఆ గొంతులో. “మా ఆయన ఎవరినో అడుగుతానన్నాడు.”

ఆ తర్వాత ఆమె నీళ్లకి బడికి వస్తూనే ఉంది. పలకరిస్తూనే ఉంది. ఫోను మాత్రం బయటికి తీయదు.

మహిమ పాత జాబితాని ఎవరో ఎప్పుడో ఫొటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పంపారు. తీసేసిన లింకు అందులో మొదటి వరసలో అలాగే ఉంది, కింద ఆమె పేరూ నంబరుతో సహా. అది పొదిలి దాకా, దర్శి దాకా వెళ్లింది. వారానికి రెండు మూడు ఫోన్లు వస్తున్నాయి. మందు తెప్పించకముందే ఫోను చేసేవాళ్లయితే వద్దని చెబుతుంది. మిగతావాళ్లు చెప్పేది వింటుంది.

నిన్న మధ్యాహ్నం దర్శి వైపు నుంచి ఒకామె చేసింది. వెనకాల మందు కొట్టే పంపు మోత వినపడుతోంది.

“సగం చేను కొట్టామండి పొద్దున. కొత్త మందు కదా, మోతాదు మిమ్మల్ని అడిగి మిగతాది కొడదామని పంపు వేసి పెట్టాం.”

“ఆపెయ్యమ్మా,” మహిమ దాదాపు అరిచింది. “పంపు ఆపించు. అది మంచి మందు కాదు. మిగతా సగం ముట్టుకోవద్దు.”

అవతల ఎవరినో కేకేయడం వినపడింది. పంపు మోత ఆగింది.

“మరి కొట్టిన సగం ఏం చెయ్యాలండీ?”

మహిమ వరండా స్తంభానికి ఆనుకుంది. బుడాన్ గారి అరవై ఒక్క పేజీల్లో దీనికి సమాధానం లేదు. ఎక్కడా లేదు.

“మంచినీళ్లు... మంచినీళ్లు కొట్టి చూడమ్మా, ఆకు తడిసేలా,” అంది. పొద్దున కొట్టింది ఈపాటికి ఆకులోకి దిగిపోయి ఉంటుందని ఆమెకి తెలుసు.

“కొడితే నిలబడుతుందంటారా?”

లోపల పదో తరగతి పిల్లలు లేచి నిలబడి ఆమె కోసం చూస్తున్నారు. అవతలి మనిషి ఫోను పట్టుకునే ఉంది.

“తెలియదమ్మా,” అంది మహిమ.

“సరేనండి,” అంది ఆమె. అయినా ఫోను పెట్టలేదు.

మహిమ కూడా పెట్టలేదు.