వీలైతే ఒకసారి చూస్తే

రాతి పలకలు కోసే ఆ కర్మాగారంలో క్రేన్లను తనిఖీ చేసేది ఆమే. ఆమె చూపంటే కూలీలకు గురి. కొత్తలో మాట కూడా చూపులాగే సూటిగా ఉండేది. ఒకసారి మేనేజరు ముఖం మీదే, "ఈ కొక్కెం పనికిరాదు, క్రేను ఆపండి" అంది. కొక్కెం మార్చారు గానీ, "ఆ పిల్లకి నోరెక్కువ" అన్న పేరు ఉండిపోయింది. ఆమె తర్వాత చేరినవాడు ఆమెకు పైఅధికారి అయ్యాడు. అతనూ గట్టిగానే మాట్లాడేవాడు. అతన్ని మాత్రం "పనిమంతుడు" అన్నారు. అప్పటినుంచి ఆమె ప్రతి మాటకూ ఒక తోక తగిలించడం నేర్చుకుంది.

ఆ సోమవారం పొద్దున మూడో క్రేను ఇనుప తాడును గుడ్డతో తుడుస్తుంటే, గుడ్డ మూడుచోట్ల చిక్కుకుంది. తెగిన పోగులు ముళ్ళలా లేచి ఉన్నాయి. తాడు మార్చాల్సిందే.

మేనేజరు గదికి వెళ్ళేసరికి ఆ మాట కాస్తా మెత్తబడింది.

"సార్, మూడో క్రేను తాడు కొంచెం అరిగినట్టుంది... వీలైతే ఒకసారి చూస్తే బాగుంటుందేమో."

"చూద్దాంలే," అన్నాడాయన, ఫోన్లోంచి తలెత్తకుండా.

గుమ్మం దాకా వచ్చి ఆగింది. ఇంకోమాట అందామనుకుంది. 'నోరెక్కువ' అన్న పేరు గుర్తొచ్చి బయటికి నడిచింది.

బయట మేస్త్రీ ఎదురయ్యాడు. పదేళ్ళుగా కలిసి పనిచేస్తున్న మనిషి.

"ఏంటి చెల్లెమ్మా, మొహం అలా పెట్టావ్?"

"ఏం లేదన్నా, తాడు సంగతి. సార్ చూద్దామన్నారు."

"ఆయన చూద్దామంటే మన మనవళ్ళ పెళ్ళిళ్ళనాటికి చూస్తాడు!" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

బుధవారం మధ్యాహ్నం తాడు తెగింది. పలక కింద నలిగిన మేస్త్రీ ఆసుపత్రి దాకా కూడా బతకలేదు.

విచారణకు వచ్చిన అధికారి కళ్ళజోడు సర్దుకున్నాడు.

"'బాగుంటుందేమో' అన్నారట. అంటే మీకే నమ్మకం లేదన్నమాట."

"ఆయన 'చూద్దాంలే' అన్నారండీ. దానికేమిటి అర్థం?"

"పరిశీలిస్తామని," అన్నాడు, తడుముకోకుండా. హెచ్చరిక స్పష్టంగా లేదని నివేదికలో రాసుకున్నాడు.

పదకొండో రోజున ఆమె మేస్త్రీ ఇంటికి వెళ్ళింది. ఆయన భార్య గడప దగ్గర కూర్చుని ఉంది.

"తాడు పాడైందని నాకు తెలుసు వదినా. గట్టిగా చెప్పలేదు."

వదిన నేలచూపులు చూస్తూనే అంది.

"ముందురోజు అన్నం తింటూ అన్నారు. 'చెల్లెమ్మ ఏదో చెప్పలేక మింగేసింది. కూర్చోబెట్టి అడగాలి' అని. మర్నాడు పొద్దున్నే తింటుండగా లారీ వచ్చిందని కబురొస్తే, చెయ్యి కూడా సరిగ్గా కడుక్కోకుండా పరిగెత్తారు."

ఆమె మెట్టు మీదే కూర్చుంది. వదిన లేచి లోపలికి వెళ్ళలేదు, ఆమెకు దూరంగా జరగనూ లేదు. ఇద్దరూ అలాగే ఏడుస్తూ కూర్చున్నారు.