బదిలీ అయిన పుట్టుమచ్చ

మా అమ్మాయి ఎడమ మోచేతి మీది పుట్టుమచ్చకు శుక్రవారం బదిలీ అయింది. వేరే ఊరి బడికి వేశారట. అది ఉన్న చోట ఇప్పుడు మామూలు చర్మం ఉంది, సన్నటి నూగు కూడా మొలిచింది.

యామిని పదో తరగతి. పరీక్షకు కట్టే పిల్లల వివరాల్లో పుట్టుమచ్చలు రెండు రాయాలి. మెడ మీదిది ఒకటి ఉంది. రెండోది చూపించకపోతే పేరు పంపడం కుదరదనీ, ఈ ఏడు పిల్ల పరీక్ష రాయడానికి వీల్లేదనీ హెడ్‌మిస్ట్రెస్ కనకమహాలక్ష్మి గారు చెబుతుంది. బదిలీ జిల్లా ఆఫీసు చేసింది, తన చేతుల్లో ఏమీ లేదంటూ రెండు అరచేతులూ తెరిచి చూపిస్తుంది. నిజమే, ఆ చేతుల్లో గీతలు కూడా లేవు.

నాకు ఒళ్ళు మండుతుంది. నేను నడిపే పిండిమర కట్టేసి సమాచార హక్కు కింద దరఖాస్తు రాస్తాను. మా పిల్ల మచ్చను ఎవరు బదిలీ చేశారు, ఎందుకు చేశారు, ఇప్పుడది ఎక్కడుంది, ఆ కాగితాల నకళ్ళు ఇప్పించండి. ఇందులో అర్థం కానిది ఏముంది?

జిల్లా విద్యాశాఖ ఆఫీసులో ‘రేపు రండి’ అన్నప్పుడల్లా వరండా ఒక గది మేర పొడుగవుతుంది. పొద్దున్నే బయల్దేరినా బల్ల దగ్గరికి చేరేసరికి భోజనాల వేళవుతుంది. వరండా పొడుగునా బెంచీల మీద ఆడవాళ్ళు కూర్చుని ఉంటారు. వాళ్ళను ఎవరూ పలకరించరు. నేనూ పలకరించను, నా తొందర నాది.

బల్ల వెనక సన్యాసినాయుడు గారు. సమాచారం ఇవ్వాల్సిన అధికారి ఆయనే.

“ఫైలు పైకెళ్ళిందమ్మా,” అంటాడు.

తలెత్తి చూస్తాను. వెళ్ళింది. ఫ్యాను పక్కన, కప్పుకు వీపు ఆనించి పడుకుని ఉంది. దాని చుట్టూ ఇంకా ఎన్నో ఫైళ్ళు. నిచ్చెన తెప్పించండి, నేనే ఎక్కి తీసుకుంటానంటాను. పైకెళ్ళిన ఫైలు దానంతటది దిగి రావాలే తప్ప కింది నుంచి ఎవరూ అందుకునే పద్ధతి లేదని ఆయన ఓపిగ్గా చెబుతాడు. ఆ ఓపిక చూస్తే ఇంకా మంట.

కొన్నాళ్ళకు జవాబు వస్తుంది. మచ్చ ఇప్పుడు ఇంకో పిల్ల మోచేతి మీద ఉంది కాబట్టి అది మూడో వ్యక్తి సమాచారం, ఇవ్వడానికి వీల్లేదు.

“ఎవరండీ ఆ మూడో వ్యక్తి?” అని అడుగుతాను.

“అదీ మూడో వ్యక్తి సమాచారమే కదమ్మా. మీరు మొదటి వ్యక్తి. నాను రెండో వ్యక్తి. మనిద్దరం మాటాడుకోడానికి ఏటీ నేదు.”

అప్పీలు చేస్తాను. అప్పీలు వినే అధికారి పక్క కుర్చీ. సన్యాసినాయుడు గారు లేచి అందులోకి మారి, కళ్ళజోడు పెట్టుకుని, తను రాసిన జవాబు తనే చదువుతాడు. చదివి చాలా నొచ్చుకుంటాడు. ఇలాంటి జవాబు రాసినవాడికి బుద్ధి ఉండాలంటాడు. ఆఫీసులో ఉన్నవన్నీ ఈవిడకు వెంటనే పంపాలని గట్టిగా ఆర్డరు వేస్తాడు. ఖాళీ కుర్చీ ఆ చీవాట్లు తలొంచుకుని వింటుంది.

టపాలో బరువైన కవరు వస్తుంది. అందులో నకళ్ళు లేవు. నిండా పుట్టుమచ్చలే, ఆవాల్లా. మీది ఏరుకుని మిగతావి ఆఫీసుకు వాపసు చేయగలరని పైన ఒక చీటీ.

చేటలో పోసి చెరుగుతాను. మా పిల్ల మచ్చ నాకు తెలియదా? పసిగుడ్డుగా ఉన్నప్పుడు మురికనుకుని సున్నిపిండితో రుద్ది రుద్ది ఏడిపించాను. ఒక పక్క కొంచెం నొక్కుకుపోయి ఉంటుంది. అలాంటిది కనిపించక, పోలిక దగ్గరగా ఉన్నవన్నీ ఒక్కొక్కటే యామిని మోచేతి మీద పెట్టి చూస్తాను. పెట్టిన ప్రతిసారీ పేరు పెట్టి పిలుస్తాను. హాజరు పలికేటప్పుడు క్లాసంతా ‘ఎస్ మేడమ్’ అంటే మా పిల్ల ఒక్కతే ‘ఉన్నానండి’ అంటుంది, చివర కాస్త సాగదీసి. ఆ పలుకు కోసం చూస్తున్నాను.

ఒక మచ్చకు ఎడమ చేత్తో జడ వేసుకుంటుంది. ఇంకో మచ్చకు నత్తి వస్తుంది. చిన్న గోధుమరంగు మచ్చ పెట్టగానే నా ముఖంలోకి మర్యాదగా చూసి, “మీరెవరండీ? మా అమ్మ ఇంకా రానేదా?” అని అడుగుతుంది. దాన్ని వెంటనే తీసేస్తాను. చేట ఖాళీ అవుతుంది. మా పిల్లది అందులో లేదు.

వివరాలు రేపే పంపేస్తారు. అద్దం ముందు నిలబడి నా ఒంటి మీదున్న ఒకే ఒక్క మచ్చను, గడ్డం కిందిదాన్ని, గోటితో ఒలుస్తాను. ఎండిన మైనంలా సులువుగా వచ్చేస్తుంది. దాన్ని యామిని మోచేతి మీద అతికిస్తాను.

“మర కట్టేసేవా? కరెంటు పోతాది, బేగి ఆడించీ,” అంటుంది యామిని నా గొంతుతో.

కనకమహాలక్ష్మి గారు రెండు మచ్చలూ తడిమి చూసి సంతకం పెడుతుంది. పిల్ల పరీక్ష రాస్తుంది. నేను అనుకున్నది జరిగింది.

మిగతా మచ్చలు వాపసు ఇద్దామని ఆఫీసుకు వెళ్తాను. బల్ల ముందు నిలబడి రెండుసార్లు దగ్గుతాను. సన్యాసినాయుడు గారు నా గుండా వరండాలోకి చూసి, దరఖాస్తుదారు హాజరు కాలేదని రాసుకుంటాడు. ఇక్కడే ఉన్నానంటాను. నా నోట్లోంచి గాలి మాత్రమే వస్తుంది. బెంచీ మీది ఆడవాళ్ళు కొంచెం జరిగి నాకు చోటిస్తారు. ఇప్పుడు దగ్గరగా చూస్తే వాళ్ళలో ఎవరికీ ఒంటి మీద ఒక్క మచ్చ కూడా లేదు.

ఒళ్ళో కవరు దానంతటదే విచ్చుకుంటుంది. మచ్చలు ఒక్కొక్కటే లేచి పైకి వెళ్ళి ఫైళ్ళలో దూరతాయి. ఫ్యాను తిరుగుతూ పేర్లు పిలవడం మొదలుపెడుతుంది. కప్పులోంచి ఆడపిల్లల గొంతులు పలుకుతాయి, ఎస్ మేడమ్, ఎస్ మేడమ్.

“యామిని,” అంటుంది ఫ్యాను.

“ఉన్నానండీ.”

చివర కాస్త సాగదీసి. మూడో వ్యక్తీ లేదు, వేరే ఊరూ లేదు. ఇంతకాలం నా నెత్తి మీదే ఉంది.

లేచి, సరిగ్గా ఆ గొంతు పలికిన ఫైలు కింద నిలబడి, కొంగు చాపి పట్టుకుంటాను. నా వెనక బెంచీలు కిర్రుమంటాయి. వరండా పొడుగునా ఆడవాళ్ళు లేచి, తలలెత్తి, ఎవరి కొంగు వాళ్ళు చాపుతున్నారు.