మేకులు కొట్టిన కిటికీ

ఊదుగొట్టం నోట్లో ఉండగానే అన్న ముందుకు ఒరిగిపోయాడు. అతుకు వెయ్యాల్సిన ఉంగరం మీద రక్తం పడింది. పక్క బల్ల దగ్గర రాళ్ళు పొదుగుతున్న చెల్లెలు చటుక్కున చెయ్యి చాచింది. దేనికనుకున్నారు? పడిపోతున్న అన్నను పట్టుకోవడానికి కాదు, అతని పళ్ళెంలో రాలిన బంగారు రజను ఎగిరిపోకుండా మూయడానికి!

ఆమెను తిట్టకండి. ఆ నగల కార్ఖానాలో అందరి చేతులూ అంతే. తుమ్ము వచ్చినా, తలుపు తెరుచుకున్నా అరచెయ్యి ముందు పళ్ళెం మీదికి పోవాలి. పనిలో చేరగానే నేర్పే మొదటి పాఠం అదే. రజను గాలికి పోతుందని షావుకారు ఫ్యాను పెట్టనివ్వడు. కిటికీలకైతే మేకులే కొట్టించాడు. ఆ మూసిన గదిలో తీగ వంచి, రెండు కొసలూ కలిపి, టంకం పెట్టి ఊదుతుంటే పసుప్పచ్చ పొగ లేస్తుంది. పోవడానికి దారి లేని పొగ ఊదేవాడి ఊపిరితిత్తుల్లోకి కాక ఎక్కడికి పోతుంది? ఎవరి నిశ్చితార్థానికో ఉంగరం తళతళలాడుతుంది. చేసినవాడు మాత్రం దగ్గి దగ్గి పుల్లలా అయిపోతాడు.

తీగలు లాగే ఆయన్ని అక్కడ అందరూ బావా అంటారు. ఆయనే అన్నను భుజాన వేసుకున్నాడు. గుమ్మంలో మేస్త్రీ అడ్డం నిలబడ్డాడు.

"చేతులు కడిగి, తల దులిపి తీసుకెళ్ళండి."

"మనిషి పోతున్నాడయ్యా! కళ్ళు కనిపించట్లేదా?"

"కనిపిస్తున్నాయి. వాడి గోళ్ళల్లో ఉన్న బంగారం కూడా కనిపిస్తోంది. అది బయటికి పోతే రేపు నేనూ బయటే."

తొట్టి నీళ్ళలో అన్న చేతులు ముంచారు. తెల్ల కాగితం మీదికి తల వంచి జుట్టు దువ్వారు. మేస్త్రీ దువ్వితే ఇంకా ఆలస్యం చేస్తాడని చెల్లెలే దువ్వింది. కాగితం మీద మెరుపు సన్నగా రాలింది. అన్న కళ్ళు తెరిచి, "అమ్మాయీ, కాస్త గాలి..." అన్నాడు. మెట్లు దిగేలోగా ఆ ఊపిరి కూడా ఆగిపోయింది.

అన్నను మట్టి చేసి వచ్చిన మర్నాడు, అన్నం వేళ అందరూ మెట్ల మీద చేరారు. ఎవరికీ ముద్ద దిగలేదు.

"కిటికీ తియ్యమని అడుగుదాం" అంది చెల్లెలు. "ఇంకేమీ వద్దు నాకు."

"అడిగితే తీస్తాడా?" అన్నాడు బావ. "ముహూర్తాల రోజులమ్మా! ఉంగరాలు గుట్టలు పడి ఉన్నాయి. ఇప్పుడు నోరెత్తితే మెడ పట్టి గెంటుతాడు."

మెరుగు పెట్టే పెద్దమ్మ గయ్యిమంది. "ఉంగరాలు గుట్టలు పడి ఉన్నప్పుడు కాక, పనిలేక గోళ్ళు గిల్లుకుంటున్నప్పుడు అడుగుతావురా? బుర్ర కూడా కాగితం మీద దులిపేసి వచ్చావా?"

అంత దుఃఖంలోనూ ఎవరో కిసుక్కుమన్నారు. బావ నవ్వలేదు.

"నీకేం పెద్దమ్మా, నీ పిల్లలు ఎదిగారు. మా ఇంట్లో పొయ్యి నా చేతుల మీద వెలగాలి."

"వాడింట్లో పొయ్యి కూడా వాడి చేతుల మీదే వెలిగిందిరా నాయనా!"

ఆ మాటకు పెద్దమ్మే ఏడ్చింది. బావ చెల్లెలి వైపు తిరిగి, "సరే, నువ్వడుగు చెల్లీ. నీ వెనక మేముంటాం" అన్నాడు.

"వెనక వద్దు బావా. పక్కన ఉండండి."

ఆ మధ్యాహ్నం షావుకారే స్వయంగా పైకి వచ్చాడు.

"పోయినవాడి గురించి నాకూ బాధే. కానీ బల్ల ఖాళీగా పెడితే ఎలా? అమ్మాయీ, టంకం పని నీకూ వచ్చుగా, అన్న చోట్లో కూర్చో."

"కూర్చుంటానండీ. కిటికీ తీయించండి."

"కిటికీ తీస్తే నా బంగారం గాలికి పోదూ?"

"గాలి లేక మా అన్న పోయాడు కదండీ."

"అది వేరు" అన్నాడు షావుకారు.

గదిలో ఆకురాళ్ళ చప్పుడు ఆగిపోయింది. ఎంత తేలిగ్గా అనేశాడు! చెల్లెలు లేచి కిటికీ దగ్గరికి నడిచింది. మెట్ల మీద అంత భయపడిన బావే తీగలు లాగే పెద్ద పటకారు తెచ్చి ఆమె చేతికిచ్చాడు. మేకులు కీచుమంటూ ఒక్కొక్కటే ఊడి వచ్చాయి. రెక్క తెరుచుకుంది. గాలి లోపలికి దూసుకొచ్చింది.

అయ్యో, అంతలోనే ఏం జరిగిందో చూడండి! అందరి అరచేతులూ పళ్ళేల మీదికి పోయాయి. కిటికీ తీసిన ఆమె చెయ్యి కూడా పక్కనే ఉన్న అన్న పళ్ళెం మీదికే పోయింది.

షావుకారు నవ్వాడు. "చూశావా? వీళ్ళ చేతులు నా మాటే వింటాయి."

ఆమె తన చేతిని తనే చూసుకుంది. ఏడుపు తన్నుకొచ్చింది. "ఈ చెయ్యే! మా అన్నయ్యను పట్టుకోవాల్సిన చెయ్యి ఇదే! నేను బంగారాన్ని పట్టుకున్నాను బావా!"

చెయ్యి వెనక్కి లాక్కుంది. పెద్దమ్మ తన పళ్ళెం మీద చెయ్యి తీసింది. బావ తీశాడు. ఒకరి తర్వాత ఒకరు అందరూ తీశారు. ఎండలో రజను సుడి తిరిగి లేచి, కిటికీలోంచి వీధిలోకి పోయింది.

పోలీసులు వచ్చారు. బంగారం దొంగతనమని చెల్లెలి మీద కేసు పెట్టారు. జీపు ఎక్కించబోతుంటే మేస్త్రీ తొట్టి పట్టుకొచ్చి చేతులు కడగమన్నాడు. ఆమె పిడికిలి బిగించింది.

"కడగను. మా అన్న ముట్టుకున్న పళ్ళెం ముట్టుకున్నాను."

పైన షావుకారు సుత్తి చాచి మేకులు కొట్టమన్నాడు. ఎవరూ అందుకోలేదు. తిరిగి పైకి వచ్చిన మేస్త్రీయే సుత్తి తీసుకుని కదిలాడు. అప్పుడు పెద్దమ్మా, బావా, మిగతావాళ్ళూ కిటికీకి అడ్డంగా చేతులు చాచి నిలబడ్డారు.

జీపులోంచి ఆమె తలెత్తి చూసింది. అన్న అడిగిన గాలి వాళ్ళ జుట్టు కదిలిస్తోంది.